క్యామ్‌షాఫ్టు, ఐడిల్ వాక్యూమ్: విశాఖ తీరం నుంచి అరకు ఘాట్ దాకా

పెట్రోలు ఇంజన్ స్లోలో నడుస్తున్నప్పుడు ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా బాగా తక్కువగా ఉంటుంది. ఈ తేడానే ఐడిల్ వాక్యూమ్ అంటారు. దీన్ని పాదరసపు అంగుళాల్లో కొలవడం వాడుక. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లో, కంపెనీ క్యామ్‌షాఫ్టుతో ఆరోగ్యంగా ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్ సాధారణంగా 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. పై వేగాల్లో శక్తి పెంచడానికి ఆ క్యామ్‌షాఫ్టు తీసి, వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే పెర్ఫార్మెన్స్ క్యామ్ వేస్తే ఈ అంకె పడిపోతుంది. ఓ మోస్తరు క్యామ్‌తో 13, 14 అంగుళాలకు, రేసు క్యామ్‌తో పదికీ అంతకన్నా కిందికీ దిగుతుంది.

ఇలా పడిపోవడం ఆ క్యామ్ స్వభావంలోనే ఉంది. ఎంత నేర్పుగల మెకానిక్ బిగించినా పూర్తిగా తప్పదు. దాని ధర మాత్రం ఎక్కువగా చెల్లించేది ఇంజన్ కాదు, బ్రేకు. అందుకే ఈ విషయాన్ని విశాఖపట్నం లాంటి చోటు నుంచి చూడడం అవసరం. ఇక్కడ ఉదయం సముద్రమట్టంలో బయలుదేరిన కారు మధ్యాహ్నానికి అనంతగిరి ఘాట్ దాటి, దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో ఆగుతుంది. క్యామ్ కొంత వాక్యూమ్ తీసుకుంటే ఎత్తు మరికొంత తీసుకుంటుంది.

ఐడిల్‌లో వాక్యూమ్ ఎక్కడి నుంచి వస్తుంది

యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు థ్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకుని ఉంటుంది. పిస్టన్లు మాత్రం గాలి లాగుతూనే ఉంటాయి. లాగినంత గాలి సన్నటి సందులోంచి రాలేదు కాబట్టి మానిఫోల్డ్‌లో ఒత్తిడి పడిపోతుంది. బయట 30 అంగుళాల ఒత్తిడి ఉండగా గేజి 18 చూపిస్తే, లోపల మిగిలింది 12 అంగుళాలే. ఇంజన్ తన రాపిడిని తాను గెలిచి 800 ఆర్‌పీఎం దగ్గర నిలవడానికి ఆ కాస్త గాలి, దానికి తగిన పెట్రోలు చాలు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటుంది. తక్కువ గాలితో పని జరుపుకోగలిగిన ఇంజన్‌కే ఎక్కువ వాక్యూమ్ ఉంటుంది. ఏ కారణం చేతనైనా ఇంజన్‌కు స్లోలో ఎక్కువ గాలి అవసరమైతే థ్రాటిల్ ఇంకాస్త తెరవాలి, తెరిచిన మేరకు వాక్యూమ్ తగ్గుతుంది. విశాఖ ఎండల్లో ఏసీ వేసుకుని సిగ్నల్ కోసం ఆగిన కారులో కంప్రెసర్ బరువు పడగానే గేజి ముల్లు ఒకటి రెండు అంగుళాలు దిగడం ఇందువల్లే. క్యామ్ మార్పు కూడా చివరికి ఇదే దారిలో పనిచేస్తుంది.

క్యామ్ ఏం చేస్తుంది

క్యామ్‌షాఫ్టు క్రాంక్‌షాఫ్టు వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. దాని మీది లోబులు ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వులను నెట్టి తెరుస్తాయి. వాల్వు ఎంత ఎత్తు లేస్తుందన్నది లిఫ్ట్. ఎన్ని డిగ్రీల పాటు తెరిచి ఉంటుందన్నది డ్యూరేషన్, దీన్ని క్రాంకు డిగ్రీల్లో చెబుతారు. ఇన్‌లెట్ లోబు శిఖరానికీ ఎగ్జాస్ట్ లోబు శిఖరానికీ మధ్య దూరం లోబ్ సెపరేషన్ కోణం, దీన్ని క్యామ్ డిగ్రీల్లో చెబుతారు. రెండు వాల్వులూ ఒకేసారి కొద్దికొద్దిగా తెరిచి ఉండే కాలం ఓవర్‌ల్యాప్. ఐడిల్ వాక్యూమ్ మీద లిఫ్ట్ ప్రభావం స్వల్పం. మిగతా మూడింటిదే పెత్తనం.

ఓవర్‌ల్యాప్ లెక్క సులువు. రెండు డ్యూరేషన్లనూ కలిపి నాలుగుతో భాగించి, అందులోంచి లోబ్ సెపరేషన్ కోణాన్ని తీసేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేయాలి. రెండు వాల్వులకూ 260 డిగ్రీల డ్యూరేషన్, 112 డిగ్రీల సెపరేషన్ ఉన్న క్యామ్ తీసుకుంటే ఓవర్‌ల్యాప్ 36 డిగ్రీలు వస్తుంది. 284 డ్యూరేషన్, 108 సెపరేషన్ ఉన్న క్యామ్‌కు 68 డిగ్రీలు. కాగితం మీద డ్యూరేషన్ పెరిగింది 24 డిగ్రీలే, ఓవర్‌ల్యాప్ మాత్రం దాదాపు రెట్టింపయింది. క్యాటలాగులో డ్యూరేషన్ ఒక్కటే చూసి కొనేవారు పొరబడేది ఇక్కడే. అదీగాక కొన్ని కంపెనీలు వాల్వు కదిలీ కదలకముందే డ్యూరేషన్ లెక్కపెడితే, కొన్ని లోబు నెట్టే ట్యాపెట్ 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు లేచాక లెక్కపెడతాయి. ఈ రెండు కొలతల మధ్య 40, 50 డిగ్రీల తేడా ఉండవచ్చు. ఒక కొలతను మరో కొలతతో పోల్చకూడదు.

ఇప్పుడు ఈ డిగ్రీలను కాలంలోకి మార్చి చూద్దాం. 800 ఆర్‌పీఎం దగ్గర క్రాంకు సెకనుకు 4,800 డిగ్రీలు తిరుగుతుంది. 36 డిగ్రీల ఓవర్‌ల్యాప్ అంటే 7.5 మిల్లీసెకన్లు. 68 డిగ్రీలంటే 14 మిల్లీసెకన్లకు పైమాటే. అంతసేపూ ఒకవైపు ఎగ్జాస్ట్ పోర్టులో దాదాపు పూర్తి వాతావరణ పీడనం ఉంటుంది, రెండోవైపు మానిఫోల్డ్‌లో అంతకన్నా బాగా తక్కువ ఉంటుంది, మధ్యలో రెండు తలుపులూ తెరిచి ఉంటాయి. కాలిన పొగ బయటికి పోవలసింది పోయి వెనక్కి తిరిగి మానిఫోల్డ్‌లోకి దూరుతుంది. తర్వాతి ఇన్‌లెట్ స్ట్రోక్‌లో పిస్టన్ ముందు ఆ పొగనే లాక్కుంటుంది. పొగతో పలచబడిన మిశ్రమం నిదానంగా కాలుతుంది, ఒక్కోసారి అసలు అంటుకోదు. ఇంజన్ నిలబడాలంటే మరింత గాలి, మరింత పెట్రోలు ఇవ్వాలి. అందుకు థ్రాటిల్ తెరవాలి. అక్కడితో వాక్యూమ్ పడిపోతుంది.

అదే క్యామ్ 6,000 ఆర్‌పీఎం దగ్గర వేరేలా ప్రవర్తిస్తుంది. 68 డిగ్రీల ఓవర్‌ల్యాప్ అక్కడ రెండు మిల్లీసెకన్లకు కూడా రాదు. వేగంగా బయటికి దూసుకుపోతున్న ఎగ్జాస్ట్ తన వెనక కొత్త గాలిని లాక్కొస్తుంది, సిలిండర్ బాగా నిండుతుంది. కింద నష్టం చేసిన ఓవర్‌ల్యాపే పైన లాభం తెస్తుంది. క్యామ్ రూపశిల్పులు తరతరాలుగా చేస్తున్న బేరం ఇదే.

రెండో కారణం గురించి అంతగా మాట్లాడరు గానీ దాని బలం తక్కువేమీ కాదు. డ్యూరేషన్ పెరిగితే ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. పైన చెప్పిన మొదటి క్యామ్‌లో, మామూలు అమరికతో, పిస్టన్ అడుగు తాకి పైకి తిరిగాక దాదాపు 58 డిగ్రీల దగ్గర వాల్వు మూసుకుంటుంది. రెండోదానిలో 66 డిగ్రీల దగ్గర. కనెక్టింగ్ రాడ్ పొడవును బట్టి కొద్దిగా మారినా, మొదటిదానిలో పిస్టన్ అప్పటికి తన దారిలో 18 శాతం, రెండోదానిలో 23 శాతం పైకి వచ్చేసి ఉంటుంది. స్లోలో గాలికి ఊపు ఉండదు కాబట్టి ఆ మేరకు లాగిన గాలిలో కొంత తిరిగి మానిఫోల్డ్‌లోకి నెట్టబడుతుంది. ఇంజన్ సీసీ తగ్గినట్టే లెక్క. కంప్రెషన్ గేజి పెడితే నాలుగు సిలిండర్లలోనూ అంకె సమానంగా తగ్గి కనిపిస్తుంది. ఇది తెలియని చోట రింగులు అరిగాయనుకుని హెడ్డు విప్పే ప్రమాదం ఉంది.

ఇంజన్ పరిమాణం మరో అంశం. పెద్ద ఇంజన్‌లో మెత్తగా నడిచే క్యామ్ డ్యూరేషన్లు చిన్న ఇంజన్‌లో మొరటుగా మారతాయి. అమెరికన్ వి-8 ఇంజన్ల పుస్తకాల్లోని సలహాలను 1.3 లీటర్ల జిప్సీకి యథాతథంగా అన్వయిస్తే నిరాశే మిగులుతుంది.

గేజి భాష

వాక్యూమ్ గేజి పాత పనిముట్టు, చవకది, ఇప్పటికీ నమ్మదగ్గది. థ్రాటిల్ ప్లేటుకు కిందివైపు, మానిఫోల్డ్ మీద ఉన్న హోస్‌కు టీ పెట్టి బిగిస్తే చాలు. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక చూడాలి.

ముల్లు 18, 20 మధ్య కదలకుండా నిలిస్తే అంతా బాగున్నట్టు. కదలకుండానే తక్కువగా నిలిస్తే ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడి ఉండవచ్చు, లేదా ఎక్కడో గాలి లాగుతూ ఉండవచ్చు. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినా ముల్లు ఇలాగే నిలుస్తుంది. లెక్క తప్పకుండా ఒకే లయలో కిందికి కొట్టుకుంటే ఏదో ఒక వాల్వు కాలిందనుకోవాలి. పెర్ఫార్మెన్స్ క్యామ్ ఉన్న ఇంజన్‌లో ముల్లు తక్కువ దగ్గర ఉండడమే కాక రెండు మూడు అంగుళాల మేర నిరంతరం వణుకుతుంది. ఒక్కో సిలిండర్‌లో పొగ పాళ్లు ఒక్కో చుట్టుకూ మారుతుండడం వల్ల వచ్చే వణుకు అది. ఎగ్జాస్ట్ దగ్గర వినబడే ఆగి ఆగి కొట్టే శబ్దానికీ కారణం అదే. ఆ శబ్దం కోసమే క్యామ్ మార్చేవాళ్లున్నారు. వారు ఇష్టపడుతున్న ఆ చప్పుడు సగం సగం మంటలది.

వణుకు వల్ల అసలు లోపాలు మరుగున పడతాయి కూడా. చిట్లిన హోసు, పాడైన గ్యాస్కెట్ ఉన్నా నింద క్యామ్ మీదికే పోతుంది. అందుకే క్యామ్ మార్చేముందు ఒకసారి, మార్చి ట్యాపెట్లు, టైమింగ్ సరిచేశాక ఒకసారి గేజి చూసి రాసిపెట్టుకోవడం మంచి పద్ధతి. తర్వాత ఎప్పుడు తేడా వచ్చినా ఆ రెండు అంకెలే ఆధారం.

బ్రేకు బూస్టర్ లెక్క

పెట్రోలు కార్లలో బ్రేకు పెడల్ తేలికగా ఉండడానికి కారణం పెడల్‌కూ మాస్టర్ సిలిండర్‌కూ మధ్య ఉండే గుండ్రటి డబ్బా, అదే బూస్టర్. దాని లోపల డయాఫ్రమ్‌కు రెండు వైపులా వాక్యూమ్ ఉంటుంది. పెడల్ తొక్కగానే ఒకవైపుకు బయటి గాలి వస్తుంది. రెండు వైపుల ఒత్తిడి తేడా డయాఫ్రమ్‌ను ముందుకు నెడుతుంది. ఈ రకం బూస్టర్‌ను 1920లలో బెల్జియం ఇంజనీరు అల్బెర్ దవాంద్ర రూపొందించాడు. వందేళ్లు కావస్తున్నా మూలసూత్రం మారలేదు.

సాయం ఎంతన్నది గుణకారం మాత్రమే. తొమ్మిది అంగుళాల వ్యాసం ఉన్న బూస్టర్ డయాఫ్రమ్ వైశాల్యం సుమారు 410 చదరపు సెంటీమీటర్లు. 18 అంగుళాల వాక్యూమ్ ఉంటే దాని మీద పడే గరిష్ఠ బలం సుమారు 255 కిలోలు. వాక్యూమ్ 11 అంగుళాలకు దిగితే అది 156 కిలోలే. డ్రైవరు కాలు అదే, రోడ్డు అదే, బండి బరువు అదే. లోటు వంద కిలోలను కాలే పూడ్చాలి, కానీ కాలికి అంత బలం ఉండదు. మామూలుగా తొక్కినంతవరకూ తేడా కొద్దిగానే తెలుస్తుంది, ఎందుకంటే అప్పుడు పూర్తి సాయం అవసరం పడదు. అకస్మాత్తుగా గట్టిగా తొక్కవలసి వచ్చిన రోజున పెడల్ మధ్యలోనే బిగుసుకుపోయినట్టుంటుంది. క్యామ్ మార్పిడిలోని అసలు ప్రమాదం ఇలా అవసరం పడేదాకా బయటపడదు.

బూస్టర్‌లో చెక్ వాల్వు ఉంటుంది. ఇంజన్ ఆగినా ఒకసారి లాగిన వాక్యూమ్‌ను అది పట్టి ఉంచుతుంది. దాంతో రెండు మూడు సార్లు మాత్రమే బ్రేకు సాయం దొరుకుతుంది. పెట్రోలు మిగుల్చుకోవాలని ఘాట్ దిగేటప్పుడు తాళం తిప్పేసి న్యూట్రల్‌లో వదిలే అలవాటు ప్రాణాంతకం కావడానికి ఇదొక కారణం. ఆ అలవాటు ఏ క్యామ్ ఉన్న బండిలోనైనా ప్రమాదకరమే, తక్కువ వాక్యూమ్ ఉన్న బండిలో మరీ ప్రమాదకరం.

ఎత్తు కోసే మూడు అంగుళాలు

గేజి చూపేది బయటి గాలికీ లోపలి గాలికీ ఉన్న తేడా. బయటి గాలే పలచబడితే తేడా తగ్గుతుంది. ప్రతి వెయ్యి అడుగులకూ ఒక అంగుళం పోతుందన్నది మెకానిక్కుల మోటు లెక్క, అది శాస్త్రానికి దగ్గరగానే ఉంది. సముద్రమట్టంలో 29.9 అంగుళాలుండే వాతావరణ పీడనం 900 మీటర్ల ఎత్తున 26.9కి దిగుతుంది. సింహాచలం కొండ మీద పోయేది ముప్పావు అంగుళం, పట్టించుకోనవసరం లేదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు చేరేసరికి మూడు అంగుళాలు పోతాయి. అరకు దారిలోని శిమిలిగూడ రైల్వే స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోనే చాలా ఎత్తైనదిగా దానికి పేరుండేది. బొర్రా గుహల వద్ద ఎత్తు దాదాపు 700 మీటర్లు.

కంపెనీ క్యామ్ ఉన్న కారుకు ఇదొక సమస్య కాదు. బీచ్ రోడ్డులో 18 చూపినది అరకులో 15 చూపుతుంది, బూస్టర్ బలం 212 కిలోలకు తగ్గుతుంది, అది చాలు. పెర్ఫార్మెన్స్ క్యామ్‌తో విశాఖలో 11 చూపినది అరకులో 8 చూపుతుంది. బలం 113 కిలోలకు దిగుతుంది. కింద సగానికి పైగా ఉన్న బ్రేకు సాయం పైన సగం కన్నా తక్కువ. బీచ్ రోడ్డు మీద పరీక్షించి బాగుందనుకున్న బండిని ఘాట్‌లో నమ్మకూడదు.

ఇక్కడ ఒక ఊరట కూడా ఉంది. గేరులో ఉంచి, యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. మూసిన థ్రాటిల్ వెనక మూడు వేల ఆర్‌పీఎంతో తిరిగే ఇంజన్, అందులో ఏ క్యామ్ ఉన్నా, ఐడిల్ కన్నా చాలా ఎక్కువ వాక్యూమ్ లాగుతుంది. కాబట్టి రెండో గేరులో దిగే బండికి బూస్టర్ నిండుగానే ఉంటుంది. చిక్కంతా మలుపుల దగ్గర ఎదురుగా బస్సు వచ్చి ఆగి, క్లచ్ నొక్కి, కొంచెం కదిలి, మళ్లీ ఆగి దిగేటప్పుడే. ఇంజన్ ఐడిల్‌లో ఉంటుంది, బ్రేకు పదేపదే తొక్కుతుంటారు. తొక్కిన ప్రతిసారీ బూస్టర్‌లోకి గాలి వస్తుంది, దాన్ని తిరిగి లాగే సత్తా ఇంజన్‌కు తక్కువ. సంక్రాంతి సెలవుల్లోనూ, చలికాలపు ఆదివారాల్లోనూ అరకు దారి సరిగ్గా ఇలాగే నడుస్తుంది.

కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, ఈసీయూ

వాక్యూమ్ మీద ఆధారపడేవి ఇంకా ఉన్నాయి. పాత ఇంజన్లలో డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉండే చిన్న డబ్బా వాక్యూమ్‌ను బట్టి స్పార్కును ముందుకు జరుపుతుంది. కొన్ని కార్బురేటర్లలో వాక్యూమ్ పడిపోతే బరువు పెరిగిందనుకుని అదనపు పెట్రోలు వదిలే పవర్ వాల్వు ఉంటుంది. 6.5 అంకె వేసిన వాల్వు ఆరున్నర అంగుళాల దగ్గర తెరుచుకుంటుంది. ఐడిల్ వాక్యూమే ఏడు దగ్గర వణికే క్యామ్ వేస్తే, స్లోలో కూడా ఆ వాల్వు తెరుచుకుని ప్లగ్గులు నల్లబడతాయి. ఐడిల్ వాక్యూమ్‌లో సగం అంకె ఉన్న వాల్వు ఎంచుకోవడం రివాజు.

ఇంజెక్షన్ బండ్లలో చిక్కు మరో రకం. మానిఫోల్డ్ పీడనం కొలిచి దాన్నిబట్టి పెట్రోలు లెక్కగట్టే ఇంజన్ కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు, క్యామ్ వల్ల పెరిగిన పీడనం బరువు పెరిగినట్టు కనిపిస్తుంది. స్లోలోనే ఎక్కువ పెట్రోలు పోస్తుంది, స్పార్కు వెనక్కి లాగుతుంది. మంట అంటుకోని సిలిండర్ల నుంచి వాడని ఆక్సిజన్ బయటికి వస్తుంది. ఎగ్జాస్ట్‌లోని సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు చాలలేదనుకుంటుంది, ఇంకొంచెం పోయమంటుంది. ఒక తప్పు మీద మరో తప్పు పేరుకుంటుంది. క్యామ్ మార్చి ఈసీయూ మ్యాప్ మార్చకపోతే పని సగమే అయినట్టు.

విశాఖ తీరంలో ఇంజన్లు, వాక్యూమ్

ఈ నగరానికీ భారతీయ మోటారు కార్ల చరిత్రకూ ఒక పాత బంధం ఉంది. 1941లో విశాఖలో ఓడల కార్ఖానాకు పునాది వేయించిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అధినేత వాల్‌చంద్ హీరాచంద్, 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్‌నూ స్థాపించాడు. సింధియా యార్డులో తయారైన జల ఉష 1948లో నీట దిగింది. తర్వాతి దశాబ్దాల్లో ప్రీమియర్ ఫియట్లు, పద్మినులు దేశమంతా తిరిగాయి. ఓడల కంపెనీ పేరు ఇప్పటికీ విశాఖలోని సింధియా ప్రాంతానికి నిలిచి ఉంది.

ఆ కార్లకు జోడీగా తిరిగిన అంబాసిడర్‌లో చాలాకాలం ఉన్నది 1,489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజన్. బ్రిటన్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఆ కుటుంబపు ఇంజనే. ఒకే మూల ఇంజన్ ఒక దేశంలో పందెపు కారును, మరో దేశంలో కలెక్టరు గారి కారును, టాక్సీని నడిపింది. బ్రిటన్ ట్యూనర్లు ఆ ఇంజన్ కోసం మెత్తటి క్యామ్ నుంచి రేసు క్యామ్ దాకా వరసగా చెక్కారు. మన అంబాసిడర్‌కు మెత్తటి క్యామే తగినది. నిండా జనంతో, తక్కువ వేగంలో, ఎత్తు ఎక్కవలసిన బండికి కింది వేగాల్లో లాగుడు కావాలి గాని పైవేగాల్లో పరుగు కాదు.

గాజువాక ఆటోనగర్‌లో రోజూ విప్పి బిగించే ఇంజన్లలో డీజిల్ వాటా పెద్దది, పోర్టు లారీలూ స్టీల్ ప్లాంట్ ట్రెయిలర్లూ అన్నీ డీజిలే. డీజిల్ ఇంజన్‌కు వాక్యూమ్ పుట్టించే థ్రాటిల్ సంప్రదాయంగా ఉండదు. అందుకే డీజిల్ సుమోలు, బొలెరోల లాంటి వాటిలో ఆల్టర్నేటర్ వెనకో ఇంజన్ మీదో వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది. క్యామ్ ఏదైనా ఆ బ్రేకుకు లోటు లేదు, పంపు పోతే మాత్రం బ్రేకు సాయం పోతుంది. పెద్ద లారీలవి గాలి బ్రేకులు, వాటి లెక్కే వేరు. హార్బర్‌కు వచ్చే పెద్ద ఓడల టూ-స్ట్రోక్ డీజిళ్లలో ఇన్‌లెట్ వాల్వులే ఉండవు, గాలి సిలిండర్ గోడలోని రంధ్రాల గుండా వస్తుంది. ఆ రకం కొత్త ఇంజన్లు కొన్నిటిలో క్యామ్‌షాఫ్టే లేదు, ఎగ్జాస్ట్ వాల్వును ఎలక్ట్రానిక్ ఆజ్ఞతో హైడ్రాలిక్ ఒత్తిడి తెరుస్తుంది.

ఇంజన్ గాలి లాగితే ఏమవుతుందో మనిషి చెవికి తెలిసే చోటు ఆర్కే బీచ్‌లో ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారిన ఐఎన్ఎస్ కుర్సురా ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి. దానిలో మూడు డీజిల్ ఇంజన్లున్నాయి. ఇలాంటి జలాంతర్గాములు నీటి కిందనే ఉండి, స్నార్కెల్ గొట్టం తల మాత్రం పైకి తేల్చి డీజిళ్లు నడిపేవి. అల వచ్చి కొడితే గొట్టం మూతి వాల్వు మూసుకుంటుంది, ఇంజన్లు మాత్రం ఆగకుండా జలాంతర్గామి లోపలి గాలినే లాగేస్తాయి. క్షణాల్లో లోపలి పీడనం పడి నావికుల చెవులు దిబ్బెళ్లు వేస్తాయి. మూసిన థ్రాటిల్ వెనక మానిఫోల్డ్‌లో జరిగే పనే ఇక్కడ మనుషులున్న గదిలో జరుగుతుంది. వెనక గదుల్లోకి నడిచి వెళ్లి ఆ ఇరుకు చూసినవారికి సంగతి వెంటనే అర్థమవుతుంది.

పోయిన వాక్యూమ్‌ను ఎలా సర్దుతారు

మొట్టమొదటి మందు క్యామ్ ఎంపికలోనే ఉంది. అదే డ్యూరేషన్‌తో లోబ్ సెపరేషన్ 108కి బదులు 112 తీసుకుంటే ఓవర్‌ల్యాప్ ఎనిమిది డిగ్రీలు తగ్గుతుంది, వాక్యూమ్ ఒకటి రెండు అంగుళాలు తిరిగొస్తుంది, పైవేగపు శక్తిలో పోయేది స్వల్పం. రోజూ నడిపే బండికి ఇదే తెలివైన బేరం.

తర్వాతివి సర్దుబాట్లు. మిశ్రమం నిదానంగా కాలుతుంది కాబట్టి ఐడిల్‌లో స్పార్కును ముందుకు జరిపితే ఇంజన్ తక్కువ గాలితో నిలబడుతుంది, వాక్యూమ్ కొంత పెరుగుతుంది. పాత డిస్ట్రిబ్యూటర్లలో అడ్వాన్స్ డబ్బాకు పైపును థ్రాటిల్ పైనుంచి కాక నేరుగా మానిఫోల్డ్ నుంచి ఇవ్వడం ఇందుకే. ఐడిల్ వేగం 800 నుంచి 950కి పెంచడమూ కొంత సాయపడుతుంది.

వాక్యూమ్ నిల్వ ట్యాంకు పెడితే పదేపదే తొక్కడానికి సరిపడా నిల్వ పెరుగుతుంది. అయితే ట్యాంకులో ఉండేది ఇంజన్ లాగినంత వాక్యూమే. పది లాగే ఇంజన్ ట్యాంకును పద్దెనిమిదికి చేర్చలేదు. ఆ పని విద్యుత్ వాక్యూమ్ పంపు చేయగలదు, ఒత్తిడి స్విచ్చుతో అది తానే ఆగి తానే నడుస్తుంది. ఘాట్ ఎక్కే బండికి పెద్ద క్యామ్ వేయదలిస్తే ఈ పంపును విడిభాగంగా కాక క్యామ్ ఖర్చులో భాగంగానే లెక్కగట్టాలి.

క్యామ్‌తో పాటు వాల్వు స్ప్రింగులనూ గట్టివి వేయాలి, లేకపోతే పైవేగంలో వాల్వులు లోబును వదిలి ఎగురుతాయి. చాలా క్యామ్‌షాఫ్టులు పోత ఇనుముతోనే తయారవుతాయి. పోసేటప్పుడు లోబుల చోట మాత్రం త్వరగా చల్లార్చి గట్టిపరుస్తారు. మన దేశంలో ఈ పోతకు షోలాపూర్ పేరున్న ఊరు.

పరీక్ష, చట్టం, కొత్త దారులు

పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం పెట్రోలు కారును పరీక్షించేది ప్రధానంగా ఐడిల్‌లోనే. బీఎస్-4, ఆ తర్వాతి ఉద్గార ప్రమాణాల నాలుగు చక్రాల బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర గాలి పెట్రోలు నిష్పత్తినీ చూస్తారు. సగం సగం కాలే ఐడిల్‌తో హైడ్రోకార్బన్ల గీత దాటకుండా ఉండడం పెద్ద క్యామ్‌కు కష్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా తయారీదారు నిర్దేశించినదానికి భిన్నమైన మార్పులను నిరోధిస్తుంది, 2019లో సుప్రీంకోర్టు ఇదే స్పష్టం చేసింది. కాబట్టి రేసు క్యామ్ ఉండవలసిన చోటు రేస్ ట్రాకు.

ఐడిల్‌కు ఒక క్యామ్, పరుగుకు ఒక క్యామ్ ఉంటే బాగుండునన్న కోరికకు కార్ల కంపెనీలే జవాబిచ్చాయి. 1980లో ఆల్ఫా రోమియో క్యామ్ టైమింగ్‌ను నడుస్తుండగానే మార్చే ఏర్పాటు తెచ్చింది. 1989లో హోండా వీటెక్ ఒకే షాఫ్టు మీద రెండు రకాల లోబులు పెట్టి, వేగం పెరిగాక పెద్ద లోబుకు మారేలా చేసింది. ఇప్పుడు మన రోడ్ల మీది చిన్న కార్లలో కూడా వాల్వు టైమింగ్‌ను మార్చే ఇలాంటి ఏర్పాటు, వీవీటీ, మామూలైపోయింది. ఐడిల్‌లో ఓవర్‌ల్యాప్ తగ్గించి, వేగంలో పెంచే పని ఆయిలు ఒత్తిడే చేస్తుంది. హైబ్రిడ్ కార్లలోని ఆట్కిన్సన్ ఇంజన్లు ఇంకో అడుగు వేసి, మైలేజీ కోసం ఇన్‌లెట్ వాల్వును కావాలనే ఆలస్యంగా మూస్తాయి. వాటిలో బ్రేకు సాయం ఇంజన్ వాక్యూమ్ మీద ఆధారపడదు, విద్యుత్తుతో నడిచే ఏర్పాటు ఆ పని చూసుకుంటుంది. విద్యుత్ కార్లలోనైతే ఈ చిక్కే లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఈ పందెంలో పరుగెత్తిన ఒక్క కారులోనూ క్యామ్‌షాఫ్టు లేదు.